అద్దె ఇంటి చట్టం మనమే వెతుక్కోవడం ఎలా: ముందు ఏ చట్టమో తేల్చుకోండి, సెక్షన్ సంగతి తర్వాత

మూడేళ్ళు ఉన్న ఇల్లు ఖాళీ చేసి తాళాలు చేతికిచ్చిన రోజు మా ఓనర్ గారు గోడల వంక ఒకసారి చూసి, "పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుంటాను బాబూ" అన్నారు. హాల్లో రెండు మేకు గుర్తులు, వంటింట్లో ఫ్రిజ్ వెనక కాస్త మసక. అంతే. "అంకుల్, అగ్రిమెంట్‌లో అలా లేదు కదా" అన్నాను. "అందరూ ఇచ్చేదేగా" అన్నారు.

ఆ రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఒక వీడియోలో చెప్పింది ఢిల్లీ చట్టం, ఇంకోదాంట్లో మహారాష్ట్ర చట్టం. వాట్సాప్ గ్రూపులో ఎవరో "2021 కొత్త చట్టం ప్రకారం రెండు నెలలకి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు" అని పంపారు. అన్నీ చదివాక టెన్షన్ పెరిగింది తప్ప దారి దొరకలేదు. వాటిలో ఒక్కటీ హైదరాబాద్‌లో ఉన్న మా పోర్షన్‌కి వర్తించేది కాదని తెలుసుకోవడానికే నాకు వారం పట్టింది. మీకు ఆ వారం వృథా కాకూడదని, ఏ పని ముందో ఏది తర్వాతో ఆ క్రమంలోనే రాస్తున్నాను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లో ఇల్లో షాపో అద్దెకు తీసుకున్నవాళ్ళకీ, ఇచ్చినవాళ్ళకీ ఇద్దరికీ ఇది పనికొస్తుంది.

1. వెతకడానికి ముందు ఒక కాగితం

ఇంటర్నెట్ తెరవకముందే ఒక తెల్ల కాగితం మీద ఇవి రాసుకోండి: ఇల్లు ఏ ఊళ్ళో, కార్పొరేషన్ పరిధిలో ఉందా లేదా, నివాసమా, వ్యాపారమా, నెల అద్దె ఎంత, మొదట్లో ఎంత, బిల్డింగ్ ఎప్పుడు పూర్తయింది, అగ్రిమెంట్ ఉందా, ఎన్ని నెలలకు, రిజిస్టర్ అయిందా, గడువు ఎప్పుడు ముగిసింది, అడ్వాన్స్ ఎంత, అద్దె ఎలా కడుతున్నారు, చివరిసారి ఎప్పుడు కట్టారు.

ఇవన్నీ ఎందుకనిపిస్తుంది. కానీ అద్దె అంకె, బిల్డింగ్ వయసు, ఊరు అనే మూడింటిని బట్టే మీకు వర్తించే చట్టం మారిపోతుంది. బిల్డింగ్ వయసు తెలియకపోతే ఆస్తి పన్ను రసీదులో, కరెంటు సర్వీసు ఇచ్చిన తేదీలో ఆనవాలు దొరుకుతుంది.

తర్వాత అగ్రిమెంట్‌ని మొదటి లైను నుంచి చివరిదాకా చదవండి. చాలామంది మొదటిసారి చదివేది గొడవ వచ్చాకే. నోటీసు ఎన్ని నెలలు, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగివ్వాలి, పెయింటింగ్ ఎవరిది, మెయింటెనెన్స్ ఎవరిది అన్న క్లాజుల కింద గీత గీయండి.

2. మీ ఇంటికి ఏ చట్టం?

అద్దె ఇళ్ళ మీద ప్రత్యేక చట్టాలు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానికే ఉంటాయి. అందుకే ఒక రాష్ట్రం చట్టం ఇంకో రాష్ట్రంలో పనిచేయదు. మన దగ్గర చూడాల్సినవి ఇవి.

ఆస్తి బదిలీ చట్టం, 1882. ఇది కేంద్ర చట్టం. ఇందులో 105 నుంచి 117 వరకు సెక్షన్లు లీజుల గురించే. వేరే ప్రత్యేక చట్టం వర్తించని ప్రతి ఇంటికీ ఇదే దిక్కు.

ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్స్ (లీజ్, రెంట్ అండ్ ఎవిక్షన్) కంట్రోల్ యాక్ట్, 1960. మనవాళ్ళు "రెంట్ కంట్రోల్ యాక్ట్" అనేది దీన్నే. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దీన్ని తన పేరుతో అన్వయించుకుంది. కాబట్టి తెలంగాణ తీర్పుల్లో పేరు మారి కనిపించినా కంగారు పడకండి, సెక్షన్ నంబర్లు అవే.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్ళు ఇంకొకటి చూడాలి: ఆంధ్రప్రదేశ్ రెసిడెన్షియల్ అండ్ నాన్ రెసిడెన్షియల్ ప్రెమిసెస్ టెనెన్సీ యాక్ట్, 2017. దీన్ని తెరిచినప్పుడు సెక్షన్ 1 (ఎక్కడ, ఎప్పటినుంచి అమలు), చివర్లో ఉండే రద్దు సెక్షన్ (పాత చట్టాన్ని ఏం చేసింది, పాత కేసుల్ని ఏం చేసింది) ముందు చదవండి. చట్టం పాసవడం వేరు, అమల్లోకి రావడం వేరు. అమలు తేదీ గెజిట్ నోటిఫికేషన్‌లో ఉంటుంది.

ఇక ఆ వాట్సాప్ "2021 చట్టం" సంగతి. అది మోడల్ టెనెన్సీ యాక్ట్. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న దానికి ఆమోదం తెలిపి రాష్ట్రాలకు నమూనాగా పంపింది. నివాసానికి రెండు నెలలు, వ్యాపారానికి ఆరు నెలలు అడ్వాన్స్ అన్న పరిమితి అందులోదే. రాష్ట్రం తన శాసనసభలో చట్టం చేసుకుంటే తప్ప ఆ నమూనా ఎవరినీ కట్టిపడేయదు. అలాంటి ఫార్వర్డ్ ఎవరు పంపినా ఒక్కటే అడగండి: "ఇది ఏ రాష్ట్రం చట్టం, నంబరెంత?"

కౌలు భూములకు ఇవేవీ వర్తించవు. వాటికి తెలంగాణలో 1950 నాటి టెనెన్సీ అండ్ అగ్రికల్చరల్ ల్యాండ్స్ యాక్ట్, ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి టెనెన్సీ యాక్ట్, ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ఉన్నాయి. అది వేరే ప్రపంచం, ఇక్కడ దాని జోలికి వెళ్ళను.

3. సెక్షన్ 32 దగ్గర ఆగండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకుంటారంటే అది ఇదే కావాలి.

1960 చట్టం చదవడం మొదలుపెట్టిన అద్దెదారుకి సెక్షన్ 10 చూడగానే ప్రాణం లేచొస్తుంది. ఓనర్ ఊరికే ఖాళీ చేయించలేడు, కారణం ఉండాలి: అద్దె ఎగ్గొట్టడం, రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి అద్దెకివ్వడం, బిల్డింగ్ పాడుచేయడం, ఓనర్‌కి సొంతానికి నిజంగా అవసరం కావడం లాంటివి. అద్దె ఆలస్యమైనా అది కావాలని చేసింది కాదని రెంట్ కంట్రోలర్ (ఈ చట్టం కింద అద్దె గొడవలు విచారించే అధికారి) నమ్మితే, కట్టుకోవడానికి 15 రోజుల దాకా గడువివ్వొచ్చు. సెక్షన్ 7 ఒక నెల అద్దెకి మించి అడ్వాన్స్ తీసుకోవద్దంటుంది. సెక్షన్ 14 నీళ్ళు, కరెంటు కట్ చేయడానికి వీల్లేదంటుంది. "అబ్బ, అన్నీ మనకే అనుకూలం" అనిపిస్తుంది.

కానీ పేజీలు తిప్పి సెక్షన్ 32కి రండి. ఈ చట్టం ఏ బిల్డింగ్‌లకు వర్తించదో చెప్పేది అదే. 2005 సవరణ తర్వాత దాని ప్రకారం కట్టడం పూర్తయి 15 ఏళ్ళు నిండని బిల్డింగ్ ఈ చట్టం బయట. అలాగే ఆ సవరణ అమల్లోకి వచ్చిన నాటికి అద్దె మున్సిపల్ కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటి ఉన్న బిల్డింగ్ కూడా బయటే.

ఒకే మేడ ఊహించుకోండి. కింద పోర్షన్‌లో 1998 నుంచి ఉన్న పెద్దాయన, 2005లో ఆయన అద్దె 1,800. పైన మీరు, అద్దె 14,000. ఆ పెద్దాయనకు సెక్షన్ 10 రక్ష ఉంది, గొడవ వస్తే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్తుంది. మీ గొడవ ఎక్కువగా ఆస్తి బదిలీ చట్టం కింద సివిల్ కోర్టుకి వెళ్తుంది, అక్కడ ఓనర్ కారణం కూడా చూపనక్కర్లేదు. ఒకే గోడ, ఒకే ఓనర్, రెండు చట్టాలు. "2005 సవరణ అమల్లోకి వచ్చిన నాటికి" అన్న మాట కింద గీత గీయండి. ఆ తర్వాత మొదలైన అద్దెలకు దాన్ని ఎలా అన్వయించాలన్నది తీర్పుల్లో వెతకాల్సిన ప్రశ్న.

పాత పుస్తకాలు ఎందుకు ప్రమాదమో కూడా ఈ సెక్షనే చెబుతుంది. మొదట్లో 32(బి) 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన బిల్డింగ్‌లన్నింటినీ మినహాయించింది. 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కొత్త కట్టడాల్ని ప్రోత్సహించడానికి ఇచ్చిన మినహాయింపు అంతూ పొంతూ లేకుండా సాగిపోతే సమానత్వం ఎక్కడుందని కోర్టు ప్రశ్న. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం జీవో 636తో కొత్త మినహాయింపులు తెచ్చింది: పదేళ్ళు నిండని బిల్డింగ్‌లు, 1,000 రూపాయలు దాటిన అద్దెలు. 2005లో చట్టాన్నే సవరించారు. 1990లో అచ్చయిన పుస్తకం చూసినవాడికి వెయ్యి రూపాయల లెక్క దొరుకుతుంది, ఇవాళ్టి లెక్క దొరకదు.

4. చట్టం అసలు పాఠం తెచ్చుకోవడం

కేంద్ర ప్రభుత్వం నడిపే ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో కేంద్ర చట్టాలతో పాటు రాష్ట్ర చట్టాలూ ఉంటాయి, ఉచితం. చిరునామా చివర డాట్ గవ్ డాట్ ఇన్ గానీ డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్ గానీ ఉందో లేదో చూడండి. పేరు పోలిన ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి.

పీడీఎఫ్ తెరిచాక నేరుగా మీ సెక్షన్‌కి దూకకండి. సెక్షన్ 1లో పరిధి, సెక్షన్ 2లో నిర్వచనాలు, తర్వాత మినహాయింపులు, ఆ తర్వాతే మీ సెక్షన్. "బిల్డింగ్", "ల్యాండ్‌లార్డ్", "టెనెంట్" అన్న మాటలకు చట్టం ఇచ్చే అర్థం మనం మామూలుగా అనుకునేదానికంటే వెడల్పుగానో ఇరుకుగానో ఉంటుంది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఫుట్‌నోట్లు వదిలేయొద్దు. ఏ మాట ఏ సవరణతో వచ్చిందో, ఎప్పటినుంచో అక్కడే రాసి ఉంటుంది.

కేంద్ర చట్టానికి రాష్ట్రం చేసిన సవరణ కేంద్ర ప్రతిలో కనబడకపోవచ్చు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 ఇందుకు మంచి ఉదాహరణ. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని దేశమంతా చెప్పుకునేది ఆ సెక్షన్ నుంచే, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 107 నుంచే. పదకొండు నెలల అగ్రిమెంట్ ఆనవాయితీ పుట్టింది అక్కడే. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో యాక్ట్ 4తో సెక్షన్ 17ని సవరించింది. అందుకని "పదకొండు నెలలైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అని ఇక్కడ ఎవరైనా ధీమాగా అంటే, ఆ రాష్ట్ర సవరణ చదివారా అని అడగండి. జీవోల కోసం రెండు రాష్ట్ర ప్రభుత్వాలకూ వేర్వేరు జీవో వెబ్‌సైట్లు ఉన్నాయి. శాఖ, తేదీ, నంబరు తెలిస్తే త్వరగా దొరుకుతాయి.

5. ఆస్తి బదిలీ చట్టంలో తప్పక చదవాల్సినవి

సెక్షన్ 106: నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు. రాతపూర్వకంగా, సంతకంతో, పోస్టులో గానీ చేతికి గానీ ఇవ్వాలి. అయితే ఈ సెక్షన్ ఎలా మొదలవుతుందో చూడండి: దీనికి విరుద్ధంగా ఒప్పందం గానీ స్థానిక చట్టం గానీ ఆచారం గానీ లేనప్పుడు. అంటే మీ అగ్రిమెంట్‌లో రెండు నెలల నోటీసు అని ఉంటే 15 రోజుల లెక్క మీకు కాదు, రెండు నెలలే.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. ఈ సెక్షన్‌ని 2002 చివర్లో సవరించారు. అంతకుముందు నోటీసులో ఒక రోజు లెక్క తప్పినా, అద్దె నెలతో సరిపోకపోయినా కేసు కొట్టేసిన తీర్పులు కోకొల్లలు. ఇప్పుడు నోటీసు అందిన రోజు నుంచి లెక్క. గడువు తక్కువ రాసినా, చట్టం చెప్పిన రోజులు గడిచాక దావా వేస్తే నోటీసు చెల్లుతుంది. 1985 నాటి తీర్పు దొరికిందని సంబరపడి లాయర్ దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగేది తేదీయే.

సెక్షన్ 116: అగ్రిమెంట్ గడువు ముగిసింది, అయినా ఓనర్ అద్దె తీసుకుంటున్నారు. చాలా ఇళ్ళలో పరిస్థితి ఇదే. విరుద్ధంగా ఒప్పందం లేకపోతే అది నెలవారీ అద్దెగా కొనసాగినట్టే. రిజిస్టర్ కాని లీజు కాగితం ఉన్నా, కాపురం ఉండి అద్దె ఇచ్చిపుచ్చుకున్న తీరును బట్టి నెలవారీ అద్దె సంబంధం ఏర్పడుతుందని 2000లో ఆంథొనీ వర్సెస్ ఇట్టూప్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

సెక్షన్ 108: ఇద్దరి హక్కులూ బాధ్యతలూ ఇందులోనే. నా పెయింటింగ్ గొడవకు జవాబు దొరికింది దీని క్లాజు ఎమ్‌లో. ఇల్లు తీసుకున్నప్పుడు ఎంత బాగుందో అలాగే తిరిగివ్వాలి, కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదల, తరుగుదల మినహా అని ఉంది. క్లాజు ఎఫ్ కూడా చూడండి: ఓనర్ చేయించాల్సిన రిపేరు, నోటీసిచ్చినా తగిన సమయంలో చేయించకపోతే మనం చేయించి ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చు. నోటీసు ఇవ్వకుండా తగ్గించుకుంటే మాత్రం అది అద్దె బాకీ కింద లెక్క అవుతుంది, జాగ్రత్త.

1960 చట్టం కిందకి వచ్చేవాళ్ళు సెక్షన్ 8 తప్పక చదవాలి. ఓనర్ అద్దె తీసుకోవడం మానేసి, తర్వాత "కట్టలేదు" అని కేసు వేయడం పాత ఎత్తు. ముందు బ్యాంకు పేరు చెప్పమని నోటీసు, చెప్పకపోతే మనీ ఆర్డర్, అదీ తిప్పికొడితే కంట్రోలర్ దగ్గర డిపాజిట్. ఈ వరస ఆ సెక్షన్‌లో వివరంగా ఉంది.

6. తీర్పులు వెతకడం, సరిగ్గా చదవడం

సుప్రీంకోర్టు తీర్పులకు ఈ-ఎస్‌సీఆర్ అధికారిక సైటు, ఉచితం. కొన్ని తీర్పుల తెలుగు అనువాదాలూ ఉన్నాయి. హైకోర్టు తీర్పులకు ఆయా హైకోర్టుల వెబ్‌సైట్లు, ఈ-కోర్ట్స్ వారి జడ్జిమెంట్ సెర్చ్ పోర్టల్ ఉన్నాయి. వెతకడానికి అన్నిటికంటే తేలిక ఇండియన్ కానూన్. అది ప్రైవేటు సైటు, 2008 నుంచి ఉచితంగా నడుస్తోంది. నేనైతే అక్కడ వెతికి, వాడుకోవాల్సిన తీర్పుని అధికారిక సైటులో సరిచూసుకుంటాను.

వెతికే మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి, అదీ కోర్టు వాడే మాటలు. "ఓనర్ ఖాళీ చేయమంటున్నాడు" అని కొడితే ఏమీ రాదు. "విల్‌ఫుల్ డిఫాల్ట్" (కావాలని అద్దె ఎగ్గొట్టడం), "బోనఫైడ్ రిక్వైర్‌మెంట్" (ఓనర్‌కి సొంతానికి నిజమైన అవసరం), "రిఫండ్ ఆఫ్ సెక్యూరిటీ డిపాజిట్", "వేర్ అండ్ టేర్" లాంటివి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పక్కన చట్టం పేరు, సెక్షన్ నంబరు ఇవ్వండి. తర్వాత మీ హైకోర్టుని ఎంచుకుని కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకోండి.

హైకోర్టు రెండుగా విడిపోయింది 2019 జనవరి 1న. అంతకుముందు ఉమ్మడి హైకోర్టు ఇచ్చిన తీర్పులు రెండు రాష్ట్రాల వాళ్ళూ చూడాల్సినవే. సుప్రీంకోర్టు చెప్పిన చట్టం అందరికీ శిరోధార్యం. కర్ణాటక, బొంబాయి హైకోర్టుల తీర్పులు ఆలోచనకు పనికొస్తాయి గానీ, అవి వాళ్ళ రెంట్ చట్టం మీద ఇచ్చినవైతే మనకు దాదాపు పనికిరావు.

మొదట్లో నేను చేసిన పొరపాటు చెబుతాను. ఒక తీర్పులో "అడ్వాన్స్‌లో పెయింటింగ్ ఖర్చు తగ్గించడం చెల్లదు" అన్న వాక్యం దొరికిందని ఎగిరి గంతేశాను. రెండు పేరాలు పైకి వెళ్ళి చూస్తే ఆ పేరా "లెర్న్‌డ్ కౌన్సెల్ సబ్మిట్స్" అని మొదలైంది. అంటే అది అద్దెదారు తరఫు లాయర్ వాదన, కోర్టు మాట కాదు. చివరికి ఆ అద్దెదారు ఓడిపోయాడు కూడా. అందుకే తీర్పుని వెనక నుంచి చదవండి: చివరి పేరాలో ఎవరు గెలిచారు, ఏ కారణంతో. తర్వాత మొదటి పేరాల్లో వాస్తవాలు మీవాటికి ఎంత దగ్గరో చూడండి. ఆపైన "సైటెడ్ బై" నొక్కి, తర్వాతి తీర్పులు దాన్ని ఒప్పుకున్నాయా, పక్కన పెట్టాయా చూడండి.

మెడ మీద కత్తిలా "రేపే సామాన్లు బయట పడేస్తాం" అంటున్నవాళ్ళుంటే ఒక తీర్పు చదవండి: 1989లో సుప్రీంకోర్టు ఇచ్చిన కృష్ణా రామ్ మహాలే కేసు. స్థిరంగా స్వాధీనంలో ఉన్నవాణ్ణి చట్టప్రకారం తప్ప బలవంతంగా వెళ్ళగొట్టడానికి వీల్లేదని అందులో ఉంది. నిజంగానే గెంటేస్తే 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేయాలి. ఆరు నెలలంటే ఆరు నెలలే.

7. మీ కేసు, మీ ఓనర్ కేసులు

కోర్టు కేసుల అధికారిక వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో జిల్లా కోర్టు కేసుల వివరాలు ఉంటాయి. ప్రతి కేసుకీ విడిగా ఉండే, అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు ఉండే సీఎన్ఆర్ నంబరు ఉంటే నేరుగా, లేకపోతే పార్టీ పేరుతో వెతకొచ్చు. రెంట్ కేసులు ఆర్‌సీ, అప్పీళ్ళు ఆర్‌ఏ, హైకోర్టుకి వెళ్ళినవి సీఆర్‌పీ (సివిల్ రివిజన్ పిటిషన్) అన్న పేర్లతో కనిపిస్తాయి. ఇల్లు తీసుకోకముందే ఓనర్ పేరు కొట్టి చూడటం మంచి అలవాటు. అన్నదమ్ముల పంపకాల గొడవలో ఉన్న ఇంట్లో దిగితే అద్దె ఎవరికి కట్టాలో తెలియక నలిగిపోయేది మనమే.

8. దొరికినదాన్ని వాడటం

చట్టం మీవైపు ఉన్నా రుజువు లేకపోతే లాభం లేదు. అద్దె బ్యాంకు ద్వారా కట్టండి. ఇంట్లో దిగిన రోజు, ఖాళీ చేసిన రోజు ప్రతి గదినీ ఫోటో తీయండి. వాట్సాప్ మాటలు చెరిపేయకండి. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, దాని సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ జత చేయాలి. బాకీ అద్దె వసూలుకు గడువు అది చెల్లించాల్సిన రోజు నుంచి మూడేళ్ళు. ఇది ఓనర్లు గుర్తుంచుకోవాల్సిన లెక్క.

నేను చేసింది ఇంతే: ఒక పేజీ ఉత్తరం. అగ్రిమెంట్ క్లాజు, సెక్షన్ 108 క్లాజు ఎమ్, దిగినప్పటి ఫోటో పక్కన వదిలినప్పటి ఫోటో. కేసు వేస్తానన్న మాట ఎక్కడా రాయలేదు. పది రోజులకి ఓనర్ గారు మేకు గుర్తులకి 800 పట్టుకుని మిగతాదంతా వేశారు. అది న్యాయమే, ఆ మేకులు మేం కొట్టినవే.

అన్నీ ఇలా తేలవు. కోర్టు నుంచి సమన్లు వచ్చినా, లాయర్ నోటీసుకి జవాబివ్వాల్సి వచ్చినా సొంత వైద్యం వద్దు. జిల్లా, మండల న్యాయ సేవల సంస్థలు కోర్టు ఆవరణల్లోనే ఉంటాయి, టోల్ ఫ్రీ నంబరు 15100. 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయర్ దొరుకుతారు. వెళ్ళేటప్పుడు మొదట రాసుకున్న ఆ తెల్ల కాగితం, అగ్రిమెంట్ జిరాక్స్, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, మీకు దొరికిన సెక్షన్ల ప్రింటు తీసుకెళ్ళండి. ప్రింటులో సెక్షన్ 32 ఉన్న పేజీ పైన పెట్టండి, వాళ్ళు మొదట అడిగేది ఆ ప్రశ్నే.